ఇంటర్వ్యూలో మిల్టన్, క్లాసులో రెజ్యూమె: ఇంగ్లీష్ లెక్చరర్ ఉద్యోగం వెనక కథ

ఇంగ్లీష్ లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ అంటే మిల్టన్ మీదో, మెటాఫిజికల్ కవుల మీదో, ఈమధ్య అయితే పోస్ట్ కలోనియల్ థియరీ మీదో ప్రశ్న పడుతుంది. ఉద్యోగం వచ్చాక మొదటి సోమవారం చేతికిచ్చే టైమ్‌టేబుల్లో ఉండేది బీటెక్ ఫస్టియర్. అరవైమంది పిల్లలకి రెజ్యూమె రాయడం, గ్రూప్ డిస్కషన్లో నోరు విప్పడం నేర్పాలి. చదివింది సాహిత్యం, చెప్పాల్సింది భాష. ఈ రెండిటి మధ్య ఉన్న గండి నిన్నామొన్నటిది కాదు, నూట అరవై ఏళ్ల పైమాటే.

మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ బడి పెట్టింది 1843లో. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో వచ్చింది. అప్పటినుంచీ ఇంగ్లీష్ చదవడమంటే షేక్‌స్పియర్ని, మిల్టన్‌ని చదవడమే. భాష దానంతటదే అబ్బుతుందని లెక్క. అబ్బినవాళ్లు గుమాస్తాలు, వకీళ్లు అయ్యారు. అబ్బనివాళ్లు మెట్రిక్ తప్పారు, వాళ్ల గురించి ఎవరూ పరిశోధన చేయలేదు. దొరల్లో మంచి పంతుళ్లూ ఉన్నారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రేని ఇవాళ తల్చుకునేది ఆయన చెప్పిన ఇంగ్లీష్ పాఠాల వల్ల కాదు, దామెర్ల రామారావు చేతిలో కుంచె నిలబెట్టినందుకు.

భాష ఎలా నేర్పాలి అన్న ప్రశ్న మన దగ్గర గట్టిగా లేచింది ఇంగ్లీష్ గురించి కాదు, తెలుగు గురించి. జె.ఎ. యేట్స్ అనే స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ 1900ల తొలి దశకంలో ఉత్తరాంధ్ర బళ్లు తనిఖీ చేస్తూ, జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకైందని అడిగాడు. మాట నుంచి మొదలుపెట్టి చదువు చెప్పాలనే డైరెక్ట్ మెథడ్ యూరప్‌లో బాగా నడుస్తున్న రోజులవి. ఆ ప్రశ్న విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగార్ని, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిని కదిలించింది. గిడుగు చరిత్ర మాస్టారు. సవర గిరిజనుల మధ్య కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి బళ్లు పెట్టించి, 1931లో సవర భాషకి వ్యాకరణం అచ్చు వేయించిన మనిషి. లింగ్విస్టిక్స్ డిగ్రీ అనేది మన ఊళ్లలో ఎవరూ వినని కాలంలో భాషాశాస్త్రాన్నీ భాషా బోధననీ ఒక్క చేతిమీద నడిపాడు. తర్వాత యూనివర్సిటీలు వచ్చి ఆ రెండిటినీ వేరే భవనాల్లో పెట్టాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లీష్ ఉండాలా పోవాలా అన్న గొడవ మధ్య యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 1955లో హెచ్.ఎన్. కుంజ్రూ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1957లో వచ్చిన ఆ నివేదికలో ఇంగ్లీష్ నుంచి మారడానికి తొందరపడొద్దన్న మాట అందరికీ గుర్తుండిపోయింది. ఇంగ్లీషుని రెండో భాషగా నేర్పడానికి వేరే పద్ధతులు కావాలన్న మాట మాత్రం పక్కకి పోయింది. నా దృష్టిలో అసలు మాట అదే. ఆ మాటని పట్టుకున్న చోటు ఒకటుంది. 1958లో హైదరాబాద్‌లో, ఉస్మానియా పక్కనే, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైంది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బూ, బ్రిటిష్ కౌన్సిల్ మనుషులూ సాయానికి వచ్చారు. తొలి రోజుల్లో దాన్ని నడిపిన డైరెక్టర్ వి.కె. గోకాక్ కన్నడ కవి, తర్వాత జ్ఞానపీఠం అందుకున్నవాడు. 1972లో పేరులో విదేశీ భాషలు చేరి సీఐఈఎఫ్ఎల్ అయింది. అందరి నోటా సీఫెల్. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అయింది. తార్నాక ఆటోవాళ్లలో పాతవాళ్లకి ఇప్పటికీ సీఫెలే.

డిగ్రీ కాలేజీ లెక్చరర్లు దేశం నలుమూలలనుంచీ అక్కడికి వచ్చి డిప్లొమా చేసేవాళ్లు. పీజీసీటీఈ అనే సర్టిఫికెట్, పీజీడీటీఈ అనే డిప్లొమా, రెండు కోర్సులూ రెండో భాషగా ఇంగ్లీష్ చెప్పేవాళ్లకే. అంతదాకా వాక్యం ఎలా కట్టాలో నేర్పే పని గ్రామర్ పుస్తకానిది, కవిత్వం చెప్పే పని తమది అనుకున్నవాళ్లకి అక్కడ స్ట్రక్చర్లు, సిలబస్ తయారీ, ఫొనెటిక్స్ అంటే ఉచ్చారణ శాస్త్రం చెప్పేవారు. మన బళ్లలో ‘దిసీజ్ ఎ పెన్, దటీజ్ ఎ బుక్’ అని కోరస్‌గా పలికించిన స్ట్రక్చరల్ పద్ధతి ఆ తరం సరుకే. దాన్ని ఎగతాళి చేయడం తేలిక. కానీ ఏది ముందు, ఏది తర్వాత అని ఇంగ్లీషుని పిల్లవాడి వైపు నుంచి పేర్చిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

ఫొనెటిక్స్ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. హైదరాబాద్ వెళ్లొచ్చిన లెక్చరర్ తిరిగొచ్చాక యాస మారిపోయి కనిపించేవాడు, స్టాఫ్ రూములో నాలుగు రోజులు జోకులు. అక్కడ నిజంగా జరుగుతున్న పని వేరు. అక్కడి ఫొనెటిక్స్ పంతులు ఆర్.కె. బన్సల్ అరవైలలో మన ఇంగ్లీష్ బయటివాళ్లకి ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి చూశాడు. శబ్దాల తేడా ఒక్కటే కాదు, మాటలో ఒత్తు, అంటే గట్టిగా పలకాల్సిన అక్షరం, తప్పుచోట పడటం పెద్ద చిక్కని తేలింది. మన తెలుగువాళ్లకి ఇది బాగా తెలిసిన కష్టమే. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది కాబట్టి బస్ బస్సవుతుంది, రోడ్ రోడ్డవుతుంది. ఇంగ్లీషులో రెండు వేరువేరు శబ్దాలున్న చోట మనకి ఒకే వ. అయినా వినేవాడు సర్దుకుంటాడు. ‘డెవలప్’లో రెండో అక్షరం మీద పడాల్సిన ఒత్తు మొదటిదాని మీద పడితే మాత్రం కొత్త చెవి ఒక్క క్షణం ఆగిపోతుంది. లండన్ యాస రానక్కర్లేదు, అర్థమైతే చాలన్న మాట మెల్లగా నిలబడింది ఇలాంటి పని వల్లే.

భాషాశాస్త్రం దారి వేరు. యాభైలలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో పూనా డెక్కన్ కాలేజీ నడిపిన శిక్షణలు ఒక తరాన్ని తయారుచేశాయి. ఒంగోలులో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఎమ్మే చేసి, పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీ చేసిన భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకి ప్రొఫెసర్‌గా వచ్చారు. రైతులు, చేనేతవాళ్లు పనిలో వాడే మాటలు ఊరూరా ఏరి మాండలిక వృత్తి పదకోశాలు వేయించిన ఆలోచన ఆయనదే. కార్నెల్‌లో చదివొచ్చిన చేకూరి రామారావు అదే శాఖలో వాక్యం గురించి పాఠం చెప్పారు. బయట జనానికి ఆయన చేరా, కొత్త కవుల్ని వారం వారం పరిచయం చేసిన విమర్శకుడు. ఇంత పేరున్నా ఆ సబ్జెక్టులో సీట్లు కొన్నే, పోస్టులు ఇంకా కొన్ని. డిగ్రీ కాలేజీల్లో భాషాశాస్త్రం లేదు కాబట్టి అందులో ఎమ్మే చేసినవాడికి యూనివర్సిటీలో చోటు దొరక్కపోతే కిందకి దిగడానికి మెట్టు లేదు.

మళ్లీ భాషా బోధన దగ్గరికొస్తే, బెంగళూరు ముచ్చట ఒకటుంది. ఇంగ్లీష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు బళ్లలో చేసిన ప్రయోగం చాలా సాదాది. వ్యాకరణం పాఠాలు ఆపి, రైల్వే టైమ్‌టేబుల్ చేతికిచ్చి ‘ఈ బండి అక్కడికి ఎన్నింటికి చేరుతుంది, ఎంతసేపు ఆగుతుంది’ అని పిల్లల చేత లెక్క తేల్పించడం. మ్యాపులో దారి చెప్పించడం. పిల్లవాడి బుర్ర అర్థం మీద ఉంటే భాష వెనకాలే వస్తుందని ఆయన వాదన. విదేశాల నుంచి నిపుణులు వచ్చి ఫలితాలు పరీక్షించారు, వాదించుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా టాస్క్‌ల ద్వారా భాష నేర్పడం అని చెప్పుకునే పద్ధతికి ఇది తొలి మెట్టు. మన బీఈడీ విద్యార్థికి అది పరీక్షలో రాసే షార్ట్ నోట్. పుట్టింది పక్క రాష్ట్రాల మామూలు బళ్లలోనని గుర్తుంచుకునేవాళ్లు తక్కువ.

ఉద్యోగాల లెక్క మార్చింది రెండు సంగతులు. ఒకటి, యూజీసీ 1989లో మొదలుపెట్టిన నెట్, అంటే లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష. అందులో ఇంగ్లీష్ వేరు, లింగ్విస్టిక్స్ వేరు. 2019 నుంచి అమల్లోకి వచ్చిన ఇంగ్లీష్ సిలబస్‌లో పది యూనిట్లుంటే నేరుగా భాష, బోధన, మన దేశంలో ఇంగ్లీష్ గురించినవి రెండు. మిగతాది దాదాపు అంతా సాహిత్యం, విమర్శ, సిద్ధాంతం. రెండోది, తొంభైల చివర నుంచి పుట్టగొడుగుల్లా లేచిన ఇంజనీరింగ్ కాలేజీలు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల టెన్షన్ మొదలయ్యాక కంప్యూటర్లూ హెడ్‌ఫోన్లూ పెట్టిన కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబులొచ్చాయి. వాటిని నడపడానికి సరిపోయే శిక్షణ సీఫెల్ నుంచి వచ్చినవాళ్లకుంది. ఉద్యోగం మాత్రం ఎమ్మే ఇంగ్లీషుకి. భాషా బోధనలోనో, లింగ్విస్టిక్స్‌లోనో పీజీ చేసినవాళ్లు ‘సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టు’ అన్న యూజీసీ మాటని పట్టుకుని సర్టిఫికెట్ల వెరిఫికేషన్ బల్ల దగ్గర వాదించుకోవాల్సి వస్తుంది. ఆ బల్ల వెనక కూర్చున్నాయన మూడ్‌ని బట్టి ఉంటుంది చాలాసార్లు.

అలా విసిగినవాళ్లలో చాలామంది సౌదీ, ఒమన్ దారి పట్టారు. అక్కడి యూనివర్సిటీల్లో మెయిన్ కోర్సుకి ముందు పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే ప్రిపరేటరీ ఏడాది ఉంటుంది. ఇక్కడ పనికిరాదన్న డిప్లొమా అక్కడ పనికొచ్చింది. కాకపోతే కొన్ని ప్రకటనల్లో ‘నేటివ్ స్పీకర్లు మాత్రమే’ అని ఉంటుంది, అంటే ఫలానా దేశాల పాస్‌పోర్టు ఉండాలని.

ఇక కొత్త మలుపు బళ్లలోది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బళ్లని ఇంగ్లీష్ మీడియంలోకి మారుస్తూ ఇచ్చిన జీవోలను 2020లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022–23 నుంచి ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం తెచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న పాఠ్యపుస్తకాలొచ్చాయి. లెక్కల మాస్టారు ఇంగ్లీష్ పేజీ చదివి, తెలుగు పేజీ చూపించి, మళ్లీ ఇంగ్లీషులో ప్రశ్న అడుగుతాడు. రోజులో ఇంగ్లీష్ పీరియడ్ ఒక్కటే, ఇలాంటి పీరియడ్లు మూడో నాలుగో. ఆయన బీఈడీలో చదివిన రెండు మెథడ్లు లెక్కలూ ఫిజికల్ సైన్సూ.