గ్రీన్ సర్టిఫికెట్ కోసం అప్పు చేయకండి: ఇంజినీరింగ్ చదువు, సుస్థిరత – అపోహలు, వాస్తవాలు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. 22 ఏళ్లుగా హైదరాబాద్‌లో మెకానికల్ పాఠాలు చెబుతున్నాను, ఎనర్జీ ఆడిట్లూ (కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నాయో లెక్క తీయడం) చేస్తాను. అందుకే తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు నంబరు సంపాదించి అడుగుతుంటారు. మొన్న సిద్దిపేట వైపు నుంచి ఒక తండ్రి చేశారు.

“మేడం, మా పోరడు మెకానికల్ల ఉన్నడు. గ్రీన్ సర్టిఫికెట్ లేకుంటే ఇగ నౌకర్లు రావంటున్నరు. 60 వేలు కట్టాల్నట. మిత్తికి తెద్దామనుకుంటున్న. ఏం జెయ్యమంటరు?”

ఆయన అడిగింది పర్యావరణం, ఇంధన పొదుపు పేరుతో అమ్మే మూడు నెలల సర్టిఫికెట్ గురించి. కట్టొద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్న వేరే గొంతుల్లో చాలాసార్లు విన్నాను కాబట్టి, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: సుస్థిరత (నీళ్లు, కరెంటు వృథా చేయకుండా, కాలుష్యం తగ్గిస్తూ పనిచేయడం) అంటే వేరే చదువు. మామూలు బ్రాంచిల్లో అది ఉండదు, విడిగా డిగ్రీయో సర్టిఫికెట్టో కొనుక్కోవాలి.

వాస్తవం: అది మీ బ్రాంచిలోనే ఉంది. బయటికి తీసి చూపించేవాళ్లే తక్కువ.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మూడో సంవత్సరం పిల్లల్ని నలుగురిని తీసుకుని ఒక హాస్టల్‌కి వెళ్లాను. పొద్దున నాలుగున్నరకు వాచ్‌మన్ మోటారు వేసి గేటు దగ్గరికి పోతాడు. గేటూ ఆయనదే, మోటారూ ఆయనదే, మనిషి ఒక్కడు. ఐదున్నరకల్లా పైన ట్యాంకు నిండిపోతుంది. ఆరున్నరకు ఆయన తిరిగొచ్చి ఆపేదాకా నీళ్లు వేపచెట్టు మొదట్లో పడుతూనే ఉంటాయి. ఒక అబ్బాయి ఆ పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టాడు, ఇంకొకడు ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాడు. 4 సెకన్లలో నిండింది. అంటే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18,000 లీటర్లు. రోజూ దాదాపు రెండు పెద్ద ట్యాంకర్ల నీళ్లు చెట్టు పాలు. ఈ నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, పంపులతో ఎత్తిపోస్తే వస్తాయని గుర్తుంచుకోండి.

మోటారు స్టార్టరు దగ్గర క్లాంప్ మీటరు (తీగను చుట్టి పట్టి కరెంటు కొలిచేది) పెడితే 7 ఆంపియర్లు చూపించింది. వోల్టేజీ 415, పవర్ ఫ్యాక్టర్ 0.83. మోటారు ఎంత కరెంటు లాగుతుందో చెప్పేది రెండో సంవత్సరం పరీక్షలో వీళ్లు గుడ్డిగా రాసిన సూత్రమే, రూట్ మూడు వీ ఐ కాస్ ఫై. వేసి చూస్తే 4 కిలోవాట్ల పైచిలుకు. ఆ వృథా గంటకు 300 రోజులకు లెక్క కడితే 1,250 యూనిట్ల దాకా తేలింది. మన గ్రిడ్ కరెంటులో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. హెచ్చించండి. మందు చాలా చిన్నది: ట్యాంకు నిండగానే మోటారును దానంతటదే ఆపే ఒక ఫ్లోట్ స్విచ్.

ఈ మొత్తంలో కొత్త సబ్జెక్టు ఏదైనా ఉందా? ఫ్లూయిడ్ మెకానిక్స్ ఉంది, ఎలక్ట్రికల్ మెషీన్స్ ఉంది, కాస్త గుణకారం ఉంది. చదువులో మార్పు రావాలని మేం కొట్లాడేది ఇందుకే. ఇంకో పేపరు పెంచమని కాదు, ఉన్న పేపర్లోని లెక్కను ట్యాంకు దాకా తీసుకెళ్లమని.

ఈ అపోహకు మూలం మా కాలేజీల్లోనే ఉంది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్య నేర్పాలని ఆదేశించింది. ఆ తర్వాత యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంఘం) డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల కోర్సు తప్పనిసరి చేసింది. మంచి పనే. కానీ ఇంజినీరింగ్‌కి వచ్చేసరికి చాలాచోట్ల అది క్రెడిట్లు లేని పేపరైంది. రాత్రికి రాత్రి చదివి, పాసై, పక్కన పడేసేది. మిగతా ఏ సబ్జెక్టు సారూ దాని ఊసెత్తడు. అలా చదివిన పిల్లాడు అది వేరే చదువనుకోక ఏమనుకుంటాడు?

ఉద్యోగాల సంగతికొద్దాం, అసలు భయం అదే కదా. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు తమ కరెంటు, నీళ్లు, వ్యర్థాల లెక్కలు ఏటా బయటపెట్టాలి. స్టీలు, అల్యూమినియం, సిమెంటు వంటి సరుకు యూరప్‌కు పంపితే దాని తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో 2023 అక్టోబరు నుంచి చెప్పాలి. 2026 నుంచి వెళ్లే సరుకుపై అక్కడి దిగుమతిదారు సొమ్మూ కట్టాలి. ఈ లెక్కలు తీసేది ఎవరు? బాయిలర్ తెలిసినవాడు, మీటరు చదవగలిగినవాడు, పద్దు రాయగలిగినవాడు. సొంత సబ్జెక్టు రాకుండా మూడు నెలల సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ మేనేజర్, ఆడిటర్ పరీక్ష ఉంది, దానికి విలువా ఉంది. కానీ బీటెక్ అయ్యాక మూడేళ్ల అనుభవం ఉంటే తప్ప రాయనివ్వరు. ఫైనలియర్ పిల్లాడికి “గ్యారంటీగా ఆడిటర్‌ని చేస్తాం” అని ఎవరైనా చెబితే అది పచ్చి అబద్ధం. ఆ రోజు బకెట్ పట్టుకున్న అబ్బాయి ఇప్పుడు పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో ఆవిరి, నీళ్లు, కరెంటు చూసే యుటిలిటీస్ విభాగంలో ఉన్నాడు. ఈ మధ్యే మూడేళ్లు నిండాయి, ఆ పరీక్షకు చదువుతున్నాడు. స్టీమ్ ట్రాప్‌ల (ఆవిరి పైపుల్లో చేరిన నీటిని బయటికి వదిలేవి) గురించి అడగడానికి రాత్రి పదింటికి కూడా ఫోన్ చేస్తాడు. సంతోషంగా ఎత్తుతాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మొక్కలు నాటితే క్యాంపస్ గ్రీన్ అయిపోతుందా? కాదు. నాటిన రోజు ఫొటో కంటే మూడో వేసవిలో ఎన్ని బతికాయన్నది ముఖ్యం.

సోలార్ పెడితే చాలా? ముందు వృథా ఆపాలి, ఆ తర్వాతే ప్యానెళ్లు.

నాక్ (కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ) ఇచ్చిన గ్రేడు ఉందిగా అంటారు. గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ రిపోర్టులు ఆ గ్రేడు కోసం అడిగేవారు, నిజమే. ఆ రిపోర్టు పిల్లలు తయారు చేశారా, బయట ఏజెన్సీ ఇచ్చి పోయిందా అన్నది వేరే విషయం.

మన దగ్గర చూడ్డానికేం లేదన్నది ఇంకో మాట. కొండాపూర్ పక్కనే సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ రేటింగ్‌లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం అమెరికా బయట పొందిన మొదటి భవనం. జాలీ గోడల్లోంచి, నడిమి ముంగిట్లోంచి పగటి వెలుతురు లోపలికి ఎలా వస్తుందో పిల్లలకు చూపించండి.

భయపడుతున్న తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. పొలం మీద అప్పు తెచ్చి చదివించేవాళ్లకు ప్రతి పుకారూ గుండెల్లో రాయిలా పడుతుంది. ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ల మీదే నా కోపం.

సీటొచ్చిన కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఒక్కటి అడగండి. మీ క్యాంపస్ కరెంటు బిల్లు మీదో, నీళ్ల మీదో విద్యార్థులు చేసిన ప్రాజెక్టు రిపోర్టు ఉంటే చూపిస్తారా అని. చూపిస్తే పది నిమిషాలు కూర్చుని చదవండి. అర్థం కాకపోతే ఆ పేజీలు ఫొటో తీసి నాకు పంపండి, నేను చదివి చెబుతాను.