చావూ నవ్వూ కలిసిన బొమ్మల పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

తెలుపు నలుపు గీతల బొమ్మ. కింద రెండు పాదాల పద్యమో, ఒక్క వాక్యమో. అందులో ఎవరో ఒకరు చాలా మర్యాదగా చచ్చిపోతారు. ఈ తరహా పుస్తకాన్ని తెలుగులో చేయాలనుకునే చిత్రకారులు, రచయితలు చాలామంది కొన్ని తప్పుడు నమ్మకాలతో పని మొదలుపెడతారు. ఆ నమ్మకాల వల్ల బొమ్మలు బాగానే వస్తాయి గానీ పుస్తకం నిలబడదు.

అపోహ: రక్తం, పుర్రెలు, దెయ్యాలు ఎంత ఎక్కువుంటే పుస్తకం అంత పండుతుంది.

ఈ రంగానికి పెద్ద పేరు అమెరికా చిత్రకారుడు ఎడ్వర్డ్ గోరీ. 1963లో ఆయన తెచ్చిన 'ది గాష్లీక్రమ్ టైనీస్'లో 26 ఇంగ్లీషు అక్షరాలకు 26 మంది పిల్లలు చనిపోతారు. అయినా చాలా బొమ్మల్లో ప్రమాదం ఇంకా జరగలేదు. ఎలుగుబంట్ల పాలబడబోయే పిల్లవాడు నిలబడే ఉంటాడు, ఎలుగులు దగ్గరికి వస్తుంటాయి. విసుగుతో పోయినవాడి తల కిటికీ అంచు మీదుగా కాస్త కనిపిస్తుంది, అంతే. గొడ్డలి దెబ్బ తిన్న అమ్మాయి బొమ్మలాంటి ఒకటి రెండు చోట్లే నేరుగా చూపించాడు. తక్కిన బొమ్మలన్నీ సద్దుమణిగి ఉండబట్టే ఆ ఒకటి రెండు అంత గట్టిగా తగులుతాయి.

దీన్ని పనిలోకి తెచ్చుకునే పద్ధతి ఒకటుంది. ప్రతి సంఘటననూ ఐదు క్షణాలుగా విడగొట్టండి: చాలా ముందు, సరిగ్గా ముందు, జరుగుతుండగా, సరిగ్గా తర్వాత, చాలా తర్వాత. ఒక్కో క్షణానికి అగ్గిపెట్టంత చిత్తు బొమ్మ వేయండి. మూడోది పక్కన పెట్టేయండి, మిగిలిన నాలుగింటిలోంచి ఎంచుకోండి. తర్వాత, వాక్యం చెప్పేసిన సంగతిని బొమ్మలో మళ్లీ వేయకండి. ఉదాహరణకు ఈ రెండు వాక్యాలు తీసుకుందాం: "పెద్దత్తయ్య గాలివానలో పేరంటానికి బయల్దేరింది. గొడుగు మాత్రం తిరిగి వచ్చింది." కొత్తగా గీసేవాళ్లు ఇక్కడ ఆకాశంలో ఎగిరిపోతున్న అత్తయ్యను వేస్తారు. అప్పుడు బొమ్మకూ వాక్యానికీ మధ్య పాఠకుడికి పని ఉండదు. గడప పక్కన నీళ్లోడుతూ ఆనించి ఉన్న గొడుగును, వెనక వసారాలో బొబ్బట్లు తింటున్న ఇంటిల్లిపాదినీ వేస్తే నవ్వూ వస్తుంది, గుండె కాస్త జారుతుంది కూడా. ఆ రెండూ ఒకేసారి జరగాలి. ఈ కళ అంతా అక్కడే ఉంది.

ముఖాల సంగతీ ఇంతే. వెళ్లుకొచ్చిన కళ్లు, తెరుచుకున్న నోరు పెడితే అది వ్యంగ్యచిత్రం అయిపోతుంది. కళ్లకు రెండు చుక్కలు, నోటికి చిన్న గీత చాలు. భావమంతా మెడ వంపులో, భుజాల్లో, కాలి మడమ ఎటు తిరిగి ఉందన్న దాంట్లో చూపించాలి.

అపోహ: ఏ చావునైనా హాస్యం చేయవచ్చు.

చేయకూడదు. ఇందులో మొహమాటం అక్కర్లేదు. పాఠకుడి ఇంట్లోనో వీధిలోనో నిజంగా జరిగే అవకాశం ఉన్న చావు నవ్వు పుట్టించదు. తెలుగు పుస్తకంలో పిల్లవాడు బోరుబావిలో పడ్డాడని రాస్తే ఆ పేజీ దగ్గరే పుస్తకం మూతపడుతుంది, పడాలి కూడా. ఆత్మహత్యలు, కట్నపు చావులు, కులం పేరిట హత్యలు, రోడ్డు ప్రమాదాలు ఇవన్నీ ఈ పుస్తకాలకు బయటే ఉండాలి. కారణం ఎంత అసంభవంగా ఉంటే అంత మంచిది. పోయే మనిషి కూడా ఒక పేరు, ఒక అలవాటు, ఒక టోపీ వరకే తెలిసిన మనిషి కావాలి. అతని కష్టసుఖాలు చెప్పడం మొదలెడితే పాఠకుడు జాలిపడతాడు, అప్పుడు అది వేరే రకం కథ.

అపోహ: గోరీ విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషువాడు.

ఆయన 1925లో షికాగోలో పుట్టాడు, 2000లో మసాచుసెట్స్‌లో పోయాడు. హార్వర్డ్‌లో ఫ్రెంచి సాహిత్యం చదివి, న్యూయార్క్‌లో డబుల్‌డే ప్రచురణ సంస్థ వారి ఆంకర్ పుస్తకాలకు అట్టలు వేశాడు. బ్రిటన్‌కు వెళ్లింది ఒక్కసారే, 1975లో, అదీ స్కాట్లండ్ దీవులు చూడటానికి. పాత నవలలు, మూకీ సినిమాలు ఆయనకు ఆ లోకాన్ని ఇచ్చాయి.

ఇది గీసేవాళ్లకు పనికొచ్చే సంగతి. పాత కాలం ఇక్కడ అలంకారం కోసం పెట్టింది కాదు. దాని వల్ల వచ్చే దూరమే చావును భరించగలిగేలా చేస్తుంది. మన పుస్తకానికి లండన్ దీపస్తంభాలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. మండువా లోగిలి, జట్కాబండి, కిరోసిను లాంతరు, కోటు మీద కండువా వేసుకున్న ప్లీడరుగారు ఉన్నారు. ఒక దశాబ్దం ఎంచుకుని దానికే కట్టుబడండి. 1930ల ఇల్లు అనుకుంటే ఆ కాలపు ఫోటోలు ముందేసుకుని తలుపు గొళ్లెం, కుర్చీ కాళ్లు, చీరకట్టు చూసి గీయండి. ఒక్క ప్లాస్టిక్ బకెట్టు దొర్లినా ఆ లోకం చెదిరిపోతుంది.

అపోహ: ఇవన్నీ నీతికథలే, పిల్లల్ని బెదిరించడానికి రాసినవి.

కొన్ని అలా మొదలయ్యాయి. ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్ 1844 క్రిస్మస్‌కు తన మూడేళ్ల కొడుకు కోసం స్వయంగా రాసి, బొమ్మలు వేశాడు. మరుసటేడు అచ్చయి, 'స్ట్రువెల్‌పీటర్' పేరుతో ప్రసిద్ధమైన పుస్తకం అదే. అందులో అగ్గిపుల్లలతో ఆడిన అమ్మాయి బూడిదవుతుంది, సూపు తాగనని మొండికేసినవాడు ఐదోరోజుకు పోతాడు. అగ్గిపుల్ల ఆనాటి ఇళ్లలో నిజమైన ప్రమాదం, కాబట్టి అక్కడ హెచ్చరిక ఉంది. అయితే శిక్ష తప్పును మించి ఎంతో పెద్దది కావడం వల్ల నవ్వు కూడా పుట్టింది. 1865లో జర్మన్ చిత్రకారుడు విల్‌హెల్మ్ బుష్ తన కథలోని అల్లరి కుర్రాళ్లిద్దరినీ మరలో పిండి చేసి బాతులకు వేశాడు. 1907 నాటికి ఇంగ్లీషు కవి హిలేర్ బెలాక్ నీతిపద్యాలనే వెక్కిరించాడు: ఆయా చెయ్యి వదిలిన పిల్లవాణ్ని సింహం తింటుంది, చివర్లో గంభీరంగా నీతి వస్తుంది. గోరీ దగ్గరికొచ్చేసరికి తప్పే లేదు, శిక్ష మాత్రం ఉంది. మీ పుస్తకం వీటిలో ఏ మెట్టు మీద నిలబడుతుందో ముందే తేల్చుకోండి. సగం పేజీల్లో తప్పుకు శిక్ష, తక్కిన సగంలో ఊరికే చావు ఉంటే పాఠకుడు దారి తప్పుతాడు.

అపోహ: చావును చూసి నవ్వడం మన పిల్లల సాహిత్యంలో లేదు.

1947 జులైలో మొదలైన చందమామను తరాల తరబడి ఇంటిల్లిపాదీ చదివారు. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలోకి నడిచే విక్రమార్కుడు, ఇది శంకర్ వేసిన బొమ్మ. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందని శవంలోని బేతాళుడు బెదిరిస్తాడు. ఆ కథల ఉద్దేశం హాస్యం కాదు, నిజమే. కానీ శవంతో కబుర్లాడే కథను పడుకోబోయే ముందు విన్న పాఠకులకు ఈ కొత్త పుస్తకం మరీ పరాయిదేమీ కాదు.

అపోహ: ఇంగ్లీషు పుస్తకాల నమూనాను అలాగే తెలుగులోకి దించేయవచ్చు.

అక్షరమాల పుస్తకం దగ్గరే ఇది దెబ్బతింటుంది. మనకు ఙ, ఞ, ణ, ళ లతో మొదలయ్యే పేర్లు దొరకవు. 50కి పైగా అక్షరాలకు 50కి పైగా చావులంటే సగంలోనే అలసట వస్తుంది. వారాలు, తిథులు, నక్షత్రాలు, ఊరి వీధులు లాంటి చట్రం తీసుకోండి. 27 నక్షత్రాలు 32 పేజీల పుస్తకంలో చక్కగా ఇముడుతాయి: 16 పేజీలు కలిపి అచ్చయ్యే కాగితాలు (ఫారాలు) రెండు, ముందు వెనక పేజీలకు ఐదు పోగా 27 మిగులుతాయి. ఎడమవైపు మాట, కుడివైపు బొమ్మ కావాలంటే మాత్రం ఆ 32 పేజీల్లో 14 బొమ్మలకు మించి పట్టవు.

మాట ముందు పూర్తి చేయండి. గోరీ కూడా రాత ముగించాకే గీతకు కూర్చునేవాడు. వాక్యంలో భయంకరం, ఘోరం, అయ్యో లాంటివి కొట్టేయండి, ఆశ్చర్యార్థకాలు తీసేయండి. పత్రికలో స్థానిక వార్తలా, ఊరి కరణం రాసిన దస్తావేజులా చదునుగా సాగాలి. గ్రాంథికం వాడితే మొదటి పేజీ నుంచి చివరి దాకా వాడాలి. మధ్యలో వాడుకభాషలోకి జారితే నాటకంలో వేషం ఊడినట్టు ఉంటుంది. పద్యమైతే ప్రాస తప్పకూడదు, చావుమాట పాదం చివర్లో పడాలి.

అక్షరాల రూపం కూడా బొమ్మలో భాగమే. గోరీ తన మాటల్ని చేత్తోనే రాసేవాడు. బాపు గీతా రాతా ఒకే చేతి నుంచి వచ్చినట్టు ఎలా కలిసేవో మనకు తెలిసిందే. కంప్యూటర్ ఫాంటే వాడాల్సివస్తే వత్తులకూ గుడులకూ చోటివ్వండి: 14 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య కనీసం 22 పాయింట్లు పెట్టాలి.

అపోహ: అడ్డగీతలంటే నల్లగా నింపడమే, అచ్చు సంగతి ప్రెస్సువాళ్లు చూసుకుంటారు.

ఎక్కువ పుస్తకాలు పాడయ్యేది ఇక్కడే. అడ్డగీతలంటే నీడ కోసం ఒకదాన్నొకటి కోస్తూ వేసే సన్నని గీతలు. వాటి నీడను పొరలుగా కట్టాలి. మొదటి పొర ఒక దిశలో వేయండి. రెండోది దానికి 20 - 30 డిగ్రీలు మాత్రమే తిప్పండి. 90 డిగ్రీలు తిప్పితే దోమతెర కనిపిస్తుంది, నీడ కనిపించదు. మూడో పొర చీకటి మూలలకే. ప్రతి పొరా ఆరాకే తర్వాతిది వేయాలి, లేకపోతే గీతలు కలిసేచోట సిరా ముద్దలు కడుతుంది. ముఖాన్ని, చేతుల్ని తెల్లగా వదిలితే చుట్టూ ఉన్న చీకటిలో అవే ముందుకొస్తాయి. కాగితం నున్నగా ఉండాలి. గరుకు కార్ట్రిడ్జ్ కాగితం మీద సన్నని పాళీ పీచుల్ని లేపి మరకలు చేస్తుంది. వానాకాలంలో కోస్తా ఊళ్లలో కాగితం తేమ పీల్చి గీత పాకుతుంది, అందుకని ఆ నెలల్లో షీట్లను మూసిన ప్లాస్టిక్ సంచిలో దాచండి.

అచ్చయ్యే సైజులోనే గీయడం మేలు, గోరీ పద్ధతి అదే. రెట్టింపు సైజులో గీసి సగానికి తగ్గిస్తే గీతల మధ్య 0.4 మిల్లీమీటర్ల సందు 0.2 అవుతుంది. ఆఫ్‌సెట్‌లో సిరా కొంచెం పరుచుకోవడంతో ఆ సందు పూడిపోతుంది, మీరు గంటలు కూర్చుని వేసిన నీడ నల్లమచ్చగా వస్తుంది. మరోవైపు, 0.1 మిల్లీమీటరు కన్నా సన్నని గీత అచ్చులో తెగిపోతుంది.

స్కాన్‌ను 1200 డిపిఐలో (అంగుళానికి 1200 చుక్కలు), పూర్తి నలుపు తెలుపుగా, లైన్ ఆర్ట్‌గా చేయించండి. 300 డిపిఐ గ్రే స్కేల్‌లో (బూడిదరంగు ఛాయలతో) చేస్తే గీతలు చుక్కలుగా విరిగి మసకగా పడతాయి. ఫైలులో నలుపు ఒక్క కె ప్లేటు (నల్ల సిరా ప్లేటు) మీదే ఉండాలి. కంప్యూటర్ తెర రంగుల పద్ధతి ఆర్‌జిబి నుంచి మార్చిన ఫైలులో నలుపు నాలుగు రంగులుగా చీలుతుంది, ప్లేట్లు వెంట్రుకంత జరిగినా ప్రతి గీతకూ రంగునీడ వస్తుంది. కాగితం 70 జిఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లితో రకం అయితే వెనక పేజీ బొమ్మ ఇటు కనిపిస్తుంది, 100 నుంచి 120 జిఎస్ఎం తీసుకోండి. పెద్ద నల్లని భాగాలుంటే తడి సిరా ఎదుటి షీటుకు అంటుకోకుండా ఆరే సమయం ఇవ్వమని ప్రెస్సులో ముందే చెప్పండి. ప్రూఫు చూసేటప్పుడు అన్నిటికన్నా చీకటైన బొమ్మను ముందు అడగండి, అదీ లేజర్ ప్రింటు మీద కాకుండా అసలు కాగితం మీద తీసిందే అడగండి. దానిలో గీతల సందులు తెల్లగా నిలిస్తే తక్కిన ఫారం అచ్చుకు పంపవచ్చు.