గ్రాంటు వచ్చింది సరే, తూములు ఎవరు శుభ్రం చేస్తారు?

పోయిన వారం మళ్ళీ అలాంటి ఫోనే వచ్చింది. ఉత్తర చెన్నైలో ఒక పాత పఠన మందిరం కార్యదర్శి గారు, డెబ్బై దాటిన పెద్దాయన. "అమ్మా, ఒక కంపెనీ వాళ్ళు రిపేర్లకి డబ్బు ఇస్తామన్నారు. ఇక మన లైబ్రరీకి ఏ బెంగా లేదు" అన్నారు. ఆ సంతోషం చూసి కూడా అడగక తప్పలేదు: "పని అయ్యాక ఏటా మెయింటెనెన్సుకి ఎంత అనుకున్నారు సార్?" అవతల కాసేపు మాట లేదు. "అన్నీ కొత్తగా చేస్తున్నాం కదమ్మా..."

పాత కట్టడాల మరమ్మతుల ఇంజినీరుగా 17 ఏళ్ళ నుంచీ ఈ ఊళ్ళో వింటున్న మాట ఇది. అందుకే రాస్తున్నాను.

అపోహ: పెద్ద గ్రాంటు ఒక్కసారి వస్తే చాలు, భవనం ఇంకో వందేళ్ళు ఉంటుంది.

వాస్తవం: ఉండదు. నేను చూసినంతలో గ్రంథాలయాలకు ఇంతకంటే ఎక్కువ చేటు చేసిన నమ్మకం లేదు.

అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో 1883 నుంచి 1929 దాకా ప్రపంచంలో 2,509 గ్రంథాలయాలు కట్టారు. ఆయనకు ఈ సంగతి బాగా తెలుసు. అడిగిన ఊరికల్లా ఆయన ఇచ్చేయలేదు. స్థలం మీరే చూపించాలి, నేనిచ్చే మొత్తంలో పదో వంతు ఏటా మీ పన్నుల్లోంచి లైబ్రరీ నడపడానికి తీస్తామని ముందే ఒప్పుకోవాలి అన్నారు. పది వేల డాలర్లు తీసుకుంటే ఏటా వెయ్యి డాలర్లన్నమాట. అది మోయలేమని గ్రాంటే వద్దనుకున్న ఊళ్ళున్నాయి. (ఆ 2,509లో మన దేశంలో ఒక్కటీ లేదు. ఎర్ర గోడలు కనిపించగానే కార్నెగీ లైబ్రరీ అని ఫోటోలు పెట్టేవాళ్ళు దయచేసి ఆపండి.)

మన దగ్గర చందాలు పోగుచేసేటప్పుడు అందరి మాటా భవనం గురించే. శిలాఫలకం మీద పేర్ల వరస గురించి మూడు మీటింగులు జరుగుతాయి. మిద్దె ఎక్కి ఆకులు తీసే మనిషికి కూలి ఎవరిస్తారన్నది ఏ మీటింగులోనూ రాదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక ట్రస్టు లైబ్రరీకి వెళ్ళాను. మద్రాసు టెర్రస్ మిద్దె: టేకు దూలాలు, వాటి మీద ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన సున్నపు కాంక్రీటు, పలకలు. దాత ఇచ్చిన డబ్బుతో గోడలకు సిమెంటు పూత, రంగులు, కొత్త లైట్లు, ఘనంగా ప్రారంభోత్సవం అయ్యాయి. రెండేళ్ళు తిరిగాయి. నవంబరు వానల్లో నేను మిద్దె ఎక్కేసరికి మూల తూములో మోకాలెత్తు రావి మొక్క ఉంది. పట్టి లాగితే కాండం విరిగింది కానీ వేరు కదల్లేదు, అప్పటికే గోడలోకి దిగిపోయింది. పోయే దారి లేక నీళ్ళు చీలమండ దాకా నిలిచాయి. కింద గదిలో దూలం గోడలోకి దూరిన చోట స్క్రూడ్రైవరు ఆనిస్తే పిడి దాకా దిగింది.

సరిగ్గా ఆ దూలం కిందే పాత తెలుగు పత్రికల బైండు సంపుటాల బీరువా. తడిసి ఒక్కో సంపుటం ఇటుకలా గట్టిపడింది. లైబ్రేరియన్ గారు ఒకటి ఒళ్ళో పెట్టుకుని బ్లేడుతో పేజీలు విడదీస్తున్నారు. అలా చేస్తే అక్షరాలు కూడా ఊడొస్తాయని నాకు తెలుసు. అయినా ఆయన చేతిని ఆపడానికి కాసేపు నోరు రాలేదు.

ఆ తూము శుభ్రం చేయడం ఒక మనిషికి పూటపని.

మా తాతయ్య నెల్లూరు జిల్లాలో మా ఊరి గ్రంథాలయానికి కార్యదర్శిగా ఉండేవారు. దసరా రాకముందే పంచె ఎగ్గట్టి, పార, కొబ్బరి చీపురు పట్టుకుని తనే మిద్దె ఎక్కేవారు. నిచ్చెన పట్టుకోవడం నా పని. ఆఖర్న ఒక బిందె నీళ్ళు పోసి, "కింద పడుతున్నాయా అమ్మాయ్?" అని అరిచేవారు. పడుతున్నాయని నేను అరిస్తేనే దిగేవారు. ఇప్పటికీ ఏ పాత భవనానికి వెళ్ళినా నేను చేసే మొదటి పరీక్ష ఆ బిందె నీళ్ళదే.

మరి డబ్బెలా? కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు పాత కట్టడాల పునరుద్ధరణకూ, ప్రజా గ్రంథాలయాలకూ వాడవచ్చని చట్టంలోనే ఉంది. కానీ ఆ డబ్బుతో చేసే ప్రాజెక్టు మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ళకు మించి సాగదు. ఆ డబ్బును, వడ్డీ మాత్రమే వాడుకునేలా దాచిపెట్టే మీ కార్పస్‌లో వేయడం కూడా 2021 నుంచి కుదరదు. కాబట్టి కార్పస్ కోసం విడిగా వ్యక్తుల దగ్గర చందా అడగండి, ఇది కార్పస్‌కే అని వాళ్ళ చేత రాయించుకోండి. నేను చెప్పే లెక్క పనిలో ఐదో వంతు. 20 లక్షల పనికి 4 లక్షలు డిపాజిట్ చేస్తే ఆరున్నర శాతం వడ్డీకి ఏటా 26,000 వస్తాయి. తూములకూ, చెదల మందుకూ, ఊడిన పలకలకూ అది సరిపోతుంది.

అపోహ: సిమెంటు పూస్తే పాత గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: సున్నపు గోడ చెమ్మ పీల్చి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మతో పాటు ఉప్పు లోపలే చేరి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆలస్యమవుతుందని తొందరపడకండి.

అపోహ: భవనానికి ఎవరి పేరుంటే డబ్బు వాళ్ళదే.

వాస్తవం: ఎగ్మోరులో కన్నెమరా లైబ్రరీకి 1890లో గవర్నరు హోదాలో కన్నెమరా ప్రభువు శంకుస్థాపన చేశారంతే, సొంత డబ్బుతో కట్టించలేదు. 1896లో అది తెరుచుకునే నాటికి ఆయన మద్రాసులోనే లేరు.

అపోహ: అమెరికాలో ఉన్నది మన పిల్లలే, డబ్బు ఎలా పంపినా పర్లేదు.

వాస్తవం: పర్లేదనుకుంటే చిక్కే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకండి.

అపోహ: హెరిటేజ్ లిస్టులో పేరెక్కితే గవర్నమెంటు లాగేసుకుంటుంది.

వాస్తవం: ఈ పుకారుతో నిద్ర పట్టని పెద్దవాళ్ళు నాకు చాలామంది తెలుసు. టెన్షన్ పడకండి. లిస్టులో చేరినా యాజమాన్యం మీ ట్రస్టుదే. కూల్చాలన్నా రూపు మార్చాలన్నా అనుమతి అడగాలి, అంతే. ట్రస్టు దస్తావేజు, పట్టా, పాత ప్లాను ఉంటే ఫోటోలు తీసి పెట్టుకోండి. అసలు కాగితాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, నా చేతికైనా సరే.