ఫాసిజం, పాపులిజం ఒకటేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: పాపులిజం అంటే ఉచిత పథకాలు.

వాస్తవం: కిలో రెండు రూపాయల బియ్యం సంక్షేమ పథకం. 1983 నాటి ఎన్టీఆర్‌లో పాపులిజం వెతకాలంటే బియ్యంలో కాదు, ఢిల్లీ పెత్తనానికి ఎదురుగా తెలుగువాడి ఆత్మగౌరవాన్ని నిలబెట్టిన ప్రసంగాల్లో వెతకాలి. మంచి జనం ఒకవైపు, వాళ్లను మోసం చేసే పెద్దలు మరోవైపు, జనం గొంతు నేనే: పాపులిజం సారం ఇంతే. ఆయన 1989లో ఓడారు, దిగిపోయారు. ప్రత్యర్థుల్ని బలంతో అణచి ఏకపార్టీ నియంతృత్వం నడిపే ఫాసిస్టు దగ్గర ఈ చివరి ముక్క ఉండదు.

అపోహ: ముస్సోలినీ, హిట్లర్‌లను జనమే మెజారిటీ ఓట్లతో గద్దెనెక్కించారు.

వాస్తవం: ఎక్కువగా వినబడేదీ, ఎక్కువ తప్పైనదీ ఇదే. 1919లో ఇటలీలోని మిలాన్‌లో ఏర్పడిన ముస్సోలినీ ఫాసిస్టు బృందం ఎనిమిది గంటల పని, స్త్రీలకు ఓటు, పెట్టుబడిపై పన్ను కావాలంది. చూడ్డానికి అచ్చం పేదల పార్టీ. ఆ నవంబరు ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు.

దశ తిరిగింది ఉత్తర ఇటలీలోని పో నది మైదానంలో. 1920 చివరి నుంచి ఫాసిస్టుల నల్లచొక్కా ముఠాలు కూలీ సంఘాల ఆఫీసులు తగలబెట్టాయి, నాయకులకు బలవంతంగా ఆముదం తాగించాయి. డబ్బు చాలావరకు భూస్వాములది. 1921లో అప్పటి ప్రధాని, పాతకాపు జోలిట్టి తన కూటమిలో చోటిస్తే 35 మంది పార్లమెంటుకు చేరారు. 1922 అక్టోబరులో నల్లచొక్కాలు రోమ్ మీదికి కదిలినప్పుడు ప్రధాని ఫాక్టా సైనిక పాలన ఉత్తర్వు రాయించాడు, రాజు సంతకం పెట్టలేదు. ముస్సోలినీ మిలాన్‌లో రైలెక్కి వచ్చి ప్రధాని అయ్యాడు.

జర్మనీలోనూ అంతే. నాజీల ఓట్లు 1932 జులైలో 37.3 శాతం, నవంబరులో 33.1. అలా జారుతున్న పార్టీ నాయకుణ్ణి 1933 జనవరి 30న ఛాన్సలర్‌ను (ప్రభుత్వాధినేతను) చేసింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే కదా, అదుపులో పెట్టుకుంటాం అన్నది మాజీ ఛాన్సలర్ పేపెన్ లెక్క. ఆరు నెలలు తిరక్కముందే మిగతా పార్టీలన్నీ చట్టవిరుద్ధం.

అపోహ: ఎన్నికలు జరుగుతున్నాయంటే ఫాసిజం కాదు.

వాస్తవం: 1929లో ఇటలీలోనూ ఓటింగ్ జరిగింది. 400 పేర్లతో ఒకే జాబితా. ‘అవును’ చీటీ మీద జెండా రంగులు, ‘కాదు’ చీటీ తెల్లగా. ఎవరు ఏది వేశారో తెలియకుండా ఎలా ఉంటుంది? ఎన్నిక ఉందా అని కాదు, అధికారంలో ఉన్నవాడు ఓడే వీలుందా అని అడగాలి.

అపోహ: పాపులిజం ముదిరితే ఫాసిజమే అవుతుంది.

వాస్తవం: అవ్వొచ్చు, కానీ దారి ఒకవైపే లేదు. అర్జెంటీనా సైనికాధికారి పెరోన్ 1939 నుంచి కొంతకాలం ఇటలీలో ఉండి ముస్సోలినీ పద్ధతుల్ని దగ్గర్నుంచి చూశాడు. 1943 కుట్రతో వచ్చిన సైనిక ప్రభుత్వంలో కార్మిక శాఖ పట్టాడు. కానీ 1945లో ఫాసిజం యుద్ధంలో ఓడిపోయింది, ఆ జెండా మోస్తే చెల్లదు. 1946లో గట్టి పోటీ ఉన్న ఎన్నికలో గెలిచాడు, మరుసటి ఏడాది స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. ప్రత్యర్థుల్ని జైల్లో పెట్టాడు, ‘లా ప్రెన్సా’ పత్రికను లాక్కున్నాడు. అయినా ప్రతిపక్షం పోటీలో మిగిలింది. అంటే నియంతృత్వపు సరంజామాను బ్యాలెట్‌కు సరిపోయేలా కుదించాడు.

కాబట్టి ఏ ఉద్యమాన్నైనా అంచనా వేసేటప్పుడు ప్రసంగాలకన్నా ముందు కేసుల రిజిస్టరు చూడాలి. కార్యకర్తల ముఠా అవతలి పార్టీ ఆఫీసు తగలబెడితే పోలీసులు కేసు కట్టారా, కడితే శిక్ష పడిందా, ఆ ముఠా వచ్చిన లారీలకు డీజిల్ డబ్బు ఎవరిచ్చారు?