గర్భిణి పేరు, ఫోన్ నంబరు, తల్లిగారి ఊరు

శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ లెక్కల్లో తెలంగాణలో లక్ష జననాలకు తల్లుల మరణాలు 2014-16లో 81. అవి 2018-20 నాటికి 43కు దిగాయి. సర్కారు దవాఖానల్లో కాన్పులు పెరగడం, గర్భిణులను తీసుకెళ్లే 102 బండ్లు, 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్, అన్నీ ఈ కాలంలోవే. మిగిలిన మరణాలను ఆపడం ఇంతకంటే కష్టం. బీపీ, రక్తహీనత, పాత ఆపరేషన్ కుట్టు లాంటి ప్రమాదాలు నెలల ముందే కనిపిస్తాయి. కనిపించాక ఆ మనిషిని కాన్పు దాకా ఎవరు వెంబడించాలన్నదే అసలు చిక్కు. అపర్ణ హెగ్డే పని మొత్తం దీని చుట్టే తిరిగింది.

ఆమె ముంబైలో యూరోగైనకాలజిస్టు, అంటే ఆడవాళ్ల మూత్రకోశ సమస్యలు చూసే స్త్రీవైద్య నిపుణురాలు. అక్కడి సయన్ ఆసుపత్రిలో శిక్షణలో ఉన్నప్పుడు, ఆపగలిగిన మరణాలను కళ్లారా చూశారు. కిక్కిరిసిన ఓపీలో ఒక్కో గర్భిణికి దక్కేది కొద్ది నిమిషాలే. ఏం తినాలో, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. 2008లో ఆర్మాన్ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించారు. ఓపీలో చెప్పలేని మాటను ఇంటికి చేర్చే సాధనంగానే ఫోన్ ఆమె పనిలోకి వచ్చింది. అందుకే ఆర్మాన్ మొదలుపెట్టిన ఎంమిత్ర అనేది యాప్ కాదు, మామూలు కీప్యాడ్ ఫోన్‌కు వచ్చే వాయిస్ కాల్. చదువు రాకపోయినా వినొచ్చు. మొత్తం 145 సందేశాలు. కాల్ ఏ వేళకు రావాలో గర్భిణే చెబుతుంది, ఎత్తకపోతే మళ్లీ మోగుతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 జనవరిలో తెచ్చిన ఇలాంటి వాయిస్ కాల్ పథకం కిల్కారీలో 72 సందేశాలున్నాయి. 2019 నుంచి దాన్నీ ఆర్మానే నడిపిస్తోంది.

కొన్నాళ్లకు చాలామంది వినడం మానేస్తారు. అందరికీ తిరిగి ఫోన్ చేసి మాట్లాడటానికి సిబ్బంది చాలరు. గూగుల్ పరిశోధకులతో కలిసి, ఎవరు మానేసేలా ఉన్నారో కృత్రిమ మేధతో ముందే అంచనా కట్టి, వాళ్లకే మొదట ఫోన్ చేయించారు. సుమారు 23 వేల మంది తల్లులతో చేసిన పరీక్షలో, మానేయడం దాదాపు 30 శాతం తగ్గింది.

తెలంగాణలో ఆర్మాన్ రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్‌లతో కలిసి ఏఎన్ఎంలు (ఊళ్లలో గర్భిణులను చూసుకునే ఆరోగ్య కార్యకర్తలు), స్టాఫ్ నర్సులు, మెడికల్ ఆఫీసర్లకు హై రిస్క్ గర్భిణుల గుర్తింపులో, సంరక్షణలో శిక్షణ ఇస్తోంది. ఇక్కడ ప్రధానంగా చూడాల్సింది పాత పెద్దాపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్‌లో 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలవడానికి అప్పటికే ఉన్న ఈ సిజేరియన్ల బెడదే కారణం. రెండో కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కోవచ్చు, నొప్పుల్లో కుట్టు విడిపోవచ్చు. అలాంటామెకు థియేటర్, రక్తం రెండూ ఉన్న దవాఖానే దిక్కు. ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు. నొప్పులొచ్చాక బయల్దేరితే ఆలస్యమే. తేదీ, దవాఖాన, బ్లడ్ గ్రూపు ముందే కార్డు మీద ఉండాలి.

హిమోగ్లోబిన్ 7 నుంచి 10.9 మధ్య ఉంటే రోజుకు రెండు ఐరన్ గోలీలు. 7 లోపుంటే గోలీలతో సరిపెట్టకుండా పెద్ద దవాఖానకు పంపాలి. క్యాల్షియం, చాయ్ రెండూ ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు కాబట్టి గోలీకి, వాటికి ఎడం ఉండాలి. ఐరన్, క్యాల్షియం గోలీలు కలిపి మింగేవాళ్లలో నెల తర్వాత కూడా హిమోగ్లోబిన్ అంకె పెద్దగా కదలకపోవచ్చు. బీపీ 140/90 తాకితే నాలుగు గంటలాగి మళ్లీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయాలి.

ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా రిజిస్టర్‌లో రాసిన మూడు విషయాల దగ్గరే తప్పుతుంది. మొదటిది చివరి నెలసరి తేదీ. అది గుర్తు లేక ఉజ్జాయింపుగా చెబితే, ఏడో నెల సందేశం ఐదో నెలలోనే మోగుతుంది. మూడో నెల లోపు తీసిన స్కానింగ్‌తో ఆ తేదీని సరిచూడాలి. రెండోది ఫోన్ నంబరు. జగిత్యాల, నిజామాబాద్ వైపు భర్త దుబాయిలో ఉంటే ఇచ్చిన నంబరు మామదో, మరిదిదో అవుతుంది. కాల్ మోగినా మాట ఆమెకు చేరదు. ఆమె దగ్గరుండే ఫోన్ ఏదో అడిగి రాయాలి. మూడోది తల్లిగారి ఊరు. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి తల్లిగారింటికి పోతుంది. సరిగ్గా బీపీ పెరిగే నెలలవి. అత్తగారి ఊరి ఏఎన్ఎం లెక్కలో ఆమె ఊళ్లో లేదు, తల్లిగారి ఊళ్లో ఇంకా ఎవరూ ఎక్కించుకోలేదు. మొదటిసారి పేరు రాసేటప్పుడే తల్లిగారి ఊరు, తల్లి నంబరు తీసుకుని, బయల్దేరే వారమే అక్కడి ఏఎన్ఎంకు ఫోన్ చేసి ఆర్‌సీహెచ్ నంబరు (ప్రభుత్వ రికార్డులో గర్భిణికిచ్చే గుర్తింపు నంబరు), చివరి బీపీ, హిమోగ్లోబిన్ అప్పగించాలి.