చలికాలపు దిగులుకు పొద్దుటెండ

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్‌లో కొందరికి ఒళ్ళు బరువెక్కుతుంది. దుప్పటి వదలబుద్ధి కాదు. ఎంత పడుకున్నా నిద్ర తీరదు. అన్నం తిన్న గంటకే మళ్ళీ మిర్చి బజ్జీలో, స్వీటో తినాలనిపిస్తుంది. స్నేహితుల ఫోన్ వస్తే ఎత్తాలనిపించదు. "చలి కదా, బద్ధకం" అని ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసేస్తారు. ఆ మాటతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. ఇందులో చాలా భాగం ఒంట్లోని గడియారం గాడి తప్పడం వల్ల వచ్చేదేనని నా అభిప్రాయం. దాన్ని సరిచేసుకునే దారి ఉంది, ఈ ఊళ్ళో దానికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

ఈ దిగులుకు వైద్యశాస్త్రంలో పేరు పడింది 1984లో. జొహానెస్‌బర్గ్ నుంచి అమెరికా వెళ్ళిన నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్టు, అక్కడి చలికాలంలో తన హుషారంతా పోతోందని, వసంతం రాగానే తిరిగొస్తోందని గమనించాడు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో సహచరులతో కలిసి తనలాంటి వాళ్ళను పరిశీలించి, దీనికి 'సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్' అని పేరు పెట్టాడు. డిప్రెషన్ అంటే చాలామందికి నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం. ఇందులో తరచుగా దానికి తిరగబడి ఉంటుంది: అతినిద్ర, అతి ఆకలి, పైగా పిండిపదార్థాల మీద, తీపి మీద యావ. ఏటా అదే కాలంలో వస్తుంది, ఎండలు ముదిరేసరికి పోతుంది.

లండన్‌లో డిసెంబర్ 21న పగలు 8 గంటలైనా ఉండదు. చికాగోలో ఆ నెల మొదట్లో సాయంత్రం 4:20కే పొద్దు గుంకుతుంది. అక్కడున్న మన పిల్లలు వీడియో కాల్‌లో "నాలుగున్నరకే చీకటి పడిపోతోందమ్మా, ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు" అంటే అది వంక కాదని ఇక్కడి అమ్మానాన్నలు నమ్మాలి. హైదరాబాద్ సంగతి వేరు. మనం ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద. ఏడాదిలో అతి చిన్న పగలు కూడా ఇక్కడ 11 గంటలకు పైనే. జూన్‌లోని అతి పెద్ద పగటికీ దానికీ తేడా దాదాపు 2 గంటలే. కాబట్టి పుస్తకాల్లో చెప్పిన ఆ జబ్బు అచ్చంగా మనకు వచ్చేసిందని కంగారుపడక్కర్లేదు. మరి ఇంత వెలుతురున్న ఊళ్ళో ఈ మబ్బు ఎక్కడిది? ఆకాశంలో ఉన్న వెలుతురు మన కంటి దాకా రాకపోవడమే అసలు లోటని నేననుకుంటాను.

కన్ను చూడటానికే అనుకుంటాం. దానికి ఇంకో పని ఉంది. కంటి వెనక పొర అయిన రెటీనాలో కొన్ని ప్రత్యేక కణాలు మెలనాప్సిన్ అనే వర్ణకం సాయంతో వెలుతురు ఎంతుందో నేరుగా పసిగడతాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపించింది. పగటి వెలుతురులో పుష్కలంగా ఉండే నీలికాంతికి అవి బాగా స్పందిస్తాయి. మెదడులో రెండు కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన దాదాపు 20,000 నాడీకణాల గుంపు ఒకటుంది. రెటీనాలోని ఈ కణాలు ఆ గుంపుకు కబురు పంపుతాయి. మన నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు నడిచే గడియారం అదే. రోజూ కాస్త వెనకబడే పాత గోడ గడియారంలా, మనిషి గడియారం కూడా సగటున 24 గంటలకు పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. పొద్దుటి వెలుతురు ఆ ఆలస్యాన్ని ఏ రోజుకారోజు సరిదిద్దుతుంది. రాత్రి కళ్ళలో పడే వెలుతురు దాన్ని ఇంకా పెంచుతుంది. పొద్దున చీకటి, రాత్రి స్క్రీన్ అయితే రెండు వైపులా నష్టమే.

మనం ఎంత చీకట్లో బతుకుతున్నామో మనకే తెలియదు, ఎందుకంటే కన్ను తక్కువ వెలుతురుకు చప్పున అలవాటుపడుతుంది. నిజాంపేటలోనో, మియాపూర్‌లోనో ఒక మామూలు టూ బీహెచ్‌కే ఊహించుకోండి. బాల్కనీలోంచి చెయ్యి చాస్తే పక్క అపార్ట్‌మెంట్ గ్రిల్ తగిలేలా ఉంటుంది. ఎదుటి వాళ్ళకు కనపడకుండా పగలంతా కర్టెన్లు వేసే ఉంటాయి. పదకొండు గంటలకు కూడా హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటుంది. వెలుతురును లక్స్ అనే కొలతలో చూపే లక్స్ మీటర్ యాప్ ఫోన్‌లో పెట్టి కొలవండి. లెక్క కచ్చితంగా రాదు కానీ తేడా మాత్రం తెలుస్తుంది. ఆ హాల్లో వెలుతురు 100, 200 లక్స్ దగ్గర ఆడుతుంది. అదే ఫోన్ పట్టుకుని టెర్రస్ మీదికి వెళ్ళి ఎనిమిదింటి ఎండకు ఎదురుగా పెడితే 10,000 తేలిగ్గా దాటుతుంది. మిట్ట మధ్యాహ్నం నేరుగా పడే ఎండ లక్ష దాకా ఉంటుంది. చలిదేశాల్లో డాక్టర్లు రాసే లైట్ బాక్స్ అనే దీపపు పెట్టె ఇచ్చేది కూడా 10,000 లక్సే, పొద్దున్నే అరగంట దాని ముందు కూర్చోమంటారు.

గచ్చిబౌలి, మాదాపూర్‌ల నైట్ షిఫ్ట్ వాళ్ళకు చలికాలంలో ఇంకో దెబ్బ ఉంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. దాంతో న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగ్ మనకు సాయంత్రం 6:30 నుంచి 7:30కి జరుగుతుంది. క్యాబ్ ఇల్లు చేరే వేళా జరుగుతుంది, నిద్రా జరుగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో లేచేసరికి, 5:45కు అస్తమించే సూర్యుడు ఐదు గంటల లోపే మిగులుతాడు. ఆ కాస్త సేపూ ఫోన్‌తో మంచం మీదే గడిచిపోతే రోజు మొత్తంలో కంటికి ఎండన్నదే తగలదు. వీళ్ళకు పొద్దున అంటే లేచిన వేళే. గది చీకటి చేసుకుని నిద్రపోండి, లేవగానే స్నానానికీ భోజనానికీ ముందే ఆరుబయటికి రండి. వారాంతంలో కూడా లేచే టైమ్‌ను మరీ అటూ ఇటూ చేయకండి.

మిగతావాళ్ళం చేయాల్సింది తేలిక. లేచిన గంట, రెండు గంటల్లోపు అరగంట బయట ఉండాలి. సూర్యుడి వంక తేరిపార చూడొద్దు, ఆ వెలుగులో ఉంటే చాలు. టెర్రస్‌కు తాళం ఉంటే వాచ్‌మన్‌ను అడిగి తీయించుకోండి. బట్టలు ఆరేసుకుంటూ, టీ తాగుతూ, ఫోన్ మాట్లాడుతూ అయినా సరే. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గు వేసే అలవాటున్న ఇళ్ళలో ఆడవాళ్ళు పొద్దున్నే బయటికి వచ్చేస్తారు. తెల్లారాక ఇంకో పావుగంట ఆ వాకిట్లోనే ఉంటే బాగుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. చలికాలపు తెల్లవారుజామున చల్లగాలి నేలను అంటిపెట్టుకుని ఉండి పొగనూ దుమ్మునూ కిందే పట్టి ఉంచుతుంది. ఎండ కాస్త ఎక్కాక వెళ్ళండి, వెలుతురుకు లోటేం ఉండదు.

సెల్ఫ్ కేర్ పేరుతో ఏవేవో కొనమని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మనసు బాగోలేనప్పుడు ఒంటరిగా ఇంట్లో ఉండి కొనుక్కునే వాటికంటే, నలుగురిలోకి తెచ్చే చిన్న పనులకు బలం ఎక్కువ. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో కెల్లీ రోహన్ బృందం 177 మందితో ఒక అధ్యయనం చేసింది. కొందరికి లైట్ బాక్స్ ఇచ్చారు, కొందరికి ఆలోచనల తీరునూ రోజువారీ పనులనూ మార్చుకునే కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆ చలికాలానికి రెండూ ఒకేలా పనిచేశాయి. రెండు చలికాలాల తర్వాత చూస్తే, లైట్ తీసుకున్నవాళ్ళలో దాదాపు సగం మందికి దిగులు తిరిగొచ్చింది. కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ మందికే వచ్చింది. ఆ కౌన్సెలింగ్‌లో ముఖ్యమైన సూత్రం ఒకటుంది: మూడ్ వచ్చాక వెళ్దాం అని ఆగకండి, వెళ్తే మూడ్ వస్తుంది. జనవరిలో నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉంటుంది, పెద్ద ఖర్చు లేకుండా సాయంత్రమంతా జనంలో తిరగొచ్చు. ఎవరికైనా ముందే మాటిచ్చేయండి, అప్పుడు మానడం కష్టం.

ఇంకో మాట. చలికి తట్టుకోలేకపోవడం, నీరసం, బరువు పెరగడం, మతిమరుపు థైరాయిడ్ తగ్గినా వస్తాయి. రక్తహీనత, బీ12 లోపం కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి చలికాలం మీదికి నెట్టేసే ముందు ఆ రక్తపరీక్షలు చేయించుకోవడం మంచిది. విటమిన్ డి దారి వేరు. అది చర్మం మీద పడే అతినీలలోహిత కిరణాల వల్ల తయారవుతుంది, గాజు కిటికీ వాటిని ఆపేస్తుంది. దాని బిళ్ళలు వేసుకున్నంత మాత్రాన కంటికి అందాల్సిన వెలుతురు అందినట్టు కాదు.

రెండు వారాలు దాటినా దేని మీదా ఇష్టం కలగకపోతే, పని సాగకపోతే, బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే ఎండతో సరిపెట్టుకోవద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మన ఊళ్ళో 'ఎర్రగడ్డ' అనే పేరును తిట్టుగా వాడతాం. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళకుండా ఆ తిట్టే అడ్డుపడుతోంది, దాన్ని మానేయాలి. ఎక్కడికి వెళ్ళినా అక్కనో, స్నేహితుణ్ణో తోడు తీసుకెళ్ళండి. పోయిన ఏడాది కూడా ఇదే కాలంలో ఇలాగే ఉన్నారా అని డాక్టర్ అడుగుతారు. ఆ సంగతి మనకంటే పక్కవాళ్ళకే బాగా గుర్తుంటుంది.