హె గారి నల్లజుట్టు

చైనాలో ఒక తీగ దుంపను హె షో వూ అంటారు. హె అనేది ఇంటిపేరు. షో అంటే తల, వూ అంటే కాకి నలుపు. కలిపి చదివితే ‘హె గారి నల్లటి తల’. మూలికకు రంగును బట్టో రుచిని బట్టో పేరు పెడతారు గానీ, ఇలా ఒక పెద్దమనిషి జుట్టు పేరు పెట్టడం అరుదు.

ఈ పేరు వెనక కథను తాంగ్ రాజుల కాలంలో, 9వ శతాబ్దం మొదట్లో, లీ ఆవ్ అనే రచయిత రాసిపెట్టాడు. హె వాళ్ల తాతగారు పుట్టుకతోనే బలహీనుడు. 58 ఏళ్లొచ్చినా పిల్లల్లేరు. ఒకరాత్రి తాగి కొండమీదే పడి నిద్రపోయాడు. మెలకువ వచ్చి చూస్తే, ఎడంగా మొలిచిన రెండు తీగలు పెనవేసుకుంటున్నాయి, విడిపోతున్నాయి, మళ్లీ పెనవేసుకుంటున్నాయి. దుంప తవ్వి తెచ్చి, పొడి కొట్టి తిన్నాడు. సత్తువ వచ్చింది, జుట్టు నల్లబడింది, పిల్లలు పుట్టారు. మనవడు షో వూ 130 ఏళ్లకు కూడా నల్లజుట్టుతోనే తిరిగాడట. తాగినవాడి కంటికి తీగలు ఊగడంలో వింతేముంది అనిపిస్తుంది నాకు. కానీ ఆ కాడలను చైనా వైద్యులు ఈనాటికీ ‘రాత్రి పెనవేసుకునే తీగ’ అనే పిలుస్తారు, నిద్రపట్టనివాళ్లకు కషాయం కాచి ఇస్తారు.

మందుల పుస్తకాల్లో దీని శాస్త్రీయ నామం పాలిగోనమ్ మల్టీఫ్లోరమ్. మన తిప్పతీగను గుర్తుచేసే ఆకులు, ఎర్రమట్టి రంగు దుంప. అడ్డంగా కోస్తే లోపల మబ్బుల్లాంటి గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. మన పచారీ కొట్లలో దొరికే రేవల్చిన్ని దీనికి దగ్గర చుట్టం, రెండూ ఒకే మొక్కల కుటుంబం.

ఆ చుట్టరికం పొట్టలో తెలుస్తుంది. పచ్చి దుంపను ఎండబెట్టి వాడితే విరేచనాలవుతాయి. రేవల్చిన్నిలోనూ, సునాముఖి ఆకులోనూ ఆ పని చేసే ఆంత్రాక్వినోన్లనే పదార్థాలు ఇందులోనూ ఉన్నాయి. మరి బలానికి వాడేదెలా? ముక్కలు కోసి, నల్ల సోయా గింజలు ఉడికించిన నీళ్లు పట్టించి, గంటల తరబడి ఆవిరి మీద ఉడికిస్తారు. తొమ్మిదిసార్లు ఆవిరి, తొమ్మిదిసార్లు ఎండ అనేది పాత లెక్క. విషపు దుంప వసనాభిని శుద్ధి చేయకుండా ముట్టుకోని మన ఆయుర్వేద వైద్యులకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఇంత ఉడికేసరికి, చక్కెరతో ముడిపడి ఉన్న ఆంత్రాక్వినోన్లు చాలావరకు విడిపోతాయి, విరేచన గుణం తగ్గుతుంది. రొట్టె కాలినప్పుడు ఎర్రబడటానికి కారణమయ్యే రసాయన చర్యే ఇక్కడా జరిగి, ఎర్రటి ముక్కలు నల్లగా మారతాయి. దుంప ఒకటే అయినా, చైనా వైద్యంలో పచ్చిది వేరే మందు, ఉడికించింది వేరే మందు.

ఉడికించినదాన్ని కాలేయానికి, మూత్రపిండాలకు పుష్టి అని ఇస్తారు. జుట్టు అంటే ఒంట్లో రక్తం సమృద్ధిగా ఉండగా మిగిలినదని వాళ్ల పాత సిద్ధాంతం. కాబట్టి బాలనెరుపు, తల తిరగడం, నడుము మోకాళ్ల నీరసం, అన్నీ ఒకే లోటు కింద లెక్క.

ప్రయోగశాలలో కనిపించింది కొంత ఉంది. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్‌కు దగ్గరి పదార్థం ఒకటి ఈ దుంపలో పుష్కలంగా ఉంది. రంగు తయారయ్యేందుకు కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమును అది ఎలుకల కణాల్లో చురుకు చేసింది. కానీ తల నెరవడం ఒక్క ఎంజైముతో తేలే వ్యవహారం కాదు. రంగు కణాలను పుట్టించే మూలకణాలే వెంట్రుక కుదురులో అయిపోతే ఇక నల్లబడటానికి ఏమీ మిగలదు. టెన్షన్ వల్ల ఎలుకల్లో ఆ మూలకణాలు ఎలా ఖర్చయిపోతాయో 2020లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. హె షో వూ తిన్న మనుషులకు తెల్లజుట్టు నల్లబడుతుందని గట్టి పరీక్షల్లో ఇంతవరకూ రుజువు కాలేదు.

ఇక్కడ మనవాళ్లకు తెలిసిన మొక్కొకటి చెప్పాలి. చెరువు గట్ల మీద, పొలం కాలవల పక్కన మొలిచే గుంటగలగర చైనాలోనూ జుట్టు మందే. ఆకు నలిపితే రసం నల్లబడుతుంది కదా, వాళ్ల పేరులోనూ ‘సిరా’ అన్న మాట ఉంది. ఇంకో పండుతో కలిపి దీనితో ‘రెండు అయనాంతాల మాత్ర’ చేస్తారు. పండును చలికాలపు అయనాంతం నాడు, అంటే పగలు అతి చిన్నదైన రోజున, గుంటగలగరను వేసవి అయనాంతం నాడు, అంటే పగలు అతి పెద్దదైన రోజున కోయాలని నియమం.

హె షో వూ దగ్గర అసలు చిక్కు కాలేయంతోనే. కాలేయానికి పుష్టినిస్తుందన్న ఈ దుంప తిన్న కొందరికి పచ్చకామెర్లు వచ్చాయి. 2006లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. 2014లో చైనా ప్రభుత్వమే హెచ్చరిక జారీ చేసింది. మానేస్తే చాలామందికి తగ్గింది, మళ్లీ మొదలుపెట్టిన కొందరికి మళ్లీ వచ్చింది. పచ్చి దుంపతోనే కాదు, ఉడికించిన దానితోనూ ఇలా జరిగింది. అందరికీ రాదు, కొందరికే ఎందుకు? రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన ఒక జన్యు రకం, హెచ్‌ఎల్‌ఏ-బి 35:01, ఉన్నవాళ్లకు ముప్పు చాలా ఎక్కువని 2019లో చైనా పరిశోధకులు తేల్చారు. తొమ్మిదిసార్లు ఆవిరి పట్టినా దుంప మారుతుందే తప్ప తినేవాడి జన్యువు మారదు.

చైనా అధికారిక ఔషధ సంహితలో మోతాదులు వేరువేరుగా ఉన్నాయి: రోజుకు పచ్చిది 3 నుంచి 6 గ్రాములు, ఉడికించింది 6 నుంచి 12. అమెరికాలో దీన్ని ‘ఫో-టి’ అని అమ్ముతారు. ఆ పేరు అక్కడి వ్యాపారులు పెట్టిందే, చైనాలో ఎవరూ ఈ దుంపను అలా పిలవరు. అక్కడ ఉన్న మనవాళ్లెవరైనా ఆ సీసా చేతిలోకి తీసుకుంటే ముందు చూడాల్సింది లోపలున్నది పచ్చిదా, ఉడికించిందా అని. చాలా సీసాల మీద ఆ ముక్క రాసి ఉండదు.